ఆ నార్వే అక్కచెల్లెళ్ళు "ఎవరి సాయం లేకుండా" టీచర్లు కాలేదు

కొన్నాళ్ళుగా వాట్సాప్‌లో ఒక పాత ఫొటో తిరుగుతోంది. మెడ దాకా గుండీలు పెట్టుకున్న నలుగురు అక్కచెల్లెళ్ళు. కింద ఇలా ఉంది: "వీళ్ళ అమ్మానాన్నలు నార్వే నుంచి అమెరికాకు వలస వెళ్ళిన నిరక్షరాస్యులు. ఆడపిల్లలకు చదువెందుకన్నారు. ఆ రోజుల్లో టీచరమ్మ ఐస్‌క్రీమ్ షాపు దగ్గర నిలబడినా ఉద్యోగం ఊడేది. మాతృభాషను కూడా వదులుకున్నారు. ప్రభుత్వం పైసా ఇవ్వలేదు. అయినా నలుగురూ టీచర్లయ్యారు. అన్నీ ఉచితంగా ఇస్తున్నా మన పిల్లలకు చదువెందుకు రావట్లేదు?"

మా చుట్టాల గ్రూపులోకి ఇది మూడుసార్లు వచ్చింది. మూడోసారి మా మేనకోడలు పక్కనే కూర్చుని ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద డిగ్రీ చదువుతున్న పిల్ల. చివరి వాక్యం దాకా చదివి, ఏమీ అనకుండా ఫోన్ బోర్లా పెట్టేసింది. అందుకే ఇది రాస్తున్నాను.

ఫొటోలో ఉన్నది ఎవరో, ఏ ఊరో ఆ పోస్టులో లేదు. అలాంటి అక్కచెల్లెళ్ళు మాత్రం అమెరికాలోని మిన్నెసోటా, విస్కాన్సిన్, డకోటా రాష్ట్రాల పల్లెల్లో నిజంగానే ఉండేవారు. వాళ్ళ మీద నాకు చాలా గౌరవం. ఆ గౌరవం వల్లే ఈ రాతను వదిలేయలేకపోతున్నాను.

తల్లిదండ్రులు నిరక్షరాస్యులన్న మాట తప్పు. నార్వేలో 1736లో కన్ఫర్మేషన్ అనే చర్చి సంస్కారాన్ని తప్పనిసరి చేశారు. పధ్నాలుగు, పదిహేనేళ్ళ పిల్లలు చర్చిలో పాస్టర్ ముందు నిలబడి మతపాఠం అప్పజెప్పాల్సి వచ్చేది. అది పూర్తి కాకపోతే పెళ్ళి కూడా కుదిరేది కాదు. అందుకోసమే 1739లో పల్లెల్లో చదువు చెప్పాలని చట్టం చేశారు. బడి లేని చోట పంతులే ఇల్లిల్లూ తిరిగి చెప్పేవాడు. ఆడపిల్లలకూ ఇందులో మినహాయింపు లేదు. 1899 నుంచి 1910 దాకా అమెరికాలో దిగిన స్కాండినేవియన్లలో (నార్వే, స్వీడన్, డెన్మార్క్ వాళ్ళలో) చదువు రాని పెద్దవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. ఆ వలస రైతుల కోసం అయోవాలో 1874లో మొదలైన డెకోరా-పోస్టెన్ అనే నార్వేజియన్ పత్రిక 1972 దాకా నడిచింది.

ఆడపిల్లలకు చదువెందుకు అన్న తండ్రులు లేకపోలేదు. పొలం పని, పాల పని ఉండగా పెద్దపిల్లను బడికి పంపడం ఏ రైతుకైనా కష్టమే. కానీ అందరూ అలా లేరు. ఆర్థికవేత్త థార్‌స్టీన్ వెబ్లెన్ తండ్రి థామస్ నార్వే నుంచి వచ్చిన రైతు. పిల్లలు కార్ల్‌టన్ కాలేజీలో చదువుకోవడానికి నార్త్‌ఫీల్డ్‌లో ఇల్లు కట్టించాడు. అక్కడ కొడుకులతో పాటు కూతురు ఎమిలీ కూడా పట్టా తీసుకుంది.

ఐస్‌క్రీమ్ షాపు నియమం "1915 టీచర్ల నిబంధనలు" అనే జాబితాలోది. రెండు లంగాలు వేసుకోవాలి, రాత్రి ఎనిమిది తర్వాత ఇంట్లోనే ఉండాలి లాంటివీ అందులోనే ఉంటాయి. ఈ జాబితాకు అసలు పత్రం ఎక్కడా దొరకలేదు. అవే వాక్యాలు ఒకచోట ఒక రాష్ట్రం పేరుతో, ఇంకోచోట ఇంకో రాష్ట్రం పేరుతో కనిపిస్తాయి. అయితే పెళ్ళయితే ఉద్యోగం పోవడం మాత్రం నిజం. 1928లో నగరాల స్కూలు బోర్డులను అడిగితే, పెళ్ళయిన ఆడవాళ్ళను కొత్తగా తీసుకోమని పదింట ఆరు బోర్డులు చెప్పాయి. నిజంగా జరిగిన అన్యాయం ఇంత స్పష్టంగా ఉండగా లేనిదాన్ని అల్లడం దేనికి?

పైగా ఆ టీచర్లు నోరు లేనివాళ్ళు కారు. నార్త్ డకోటాలో 1889 నుంచే స్కూలు వ్యవహారాల్లో ఆడవాళ్ళకు ఓటుండేది. 1892లో లారా ఐసెన్‌హుత్ అనే టీచర్‌ను రాష్ట్ర విద్యాశాఖ అధిపతిగా జనం ఎన్నుకున్నారు.

మాతృభాష విషయంలో జరిగింది వేరు. మామూలు బడికి సెలవులిచ్చాక వేసవిలో, చాలాచోట్ల అదే గదిలో నార్వేజియన్ బడి నడిచేది. ఇంగ్లిష్‌లోనే బోధించాలని విస్కాన్సిన్ 1889లో బెన్నెట్ చట్టం తెస్తే, జర్మన్లతో పాటు లూథరన్ చర్చికి చెందిన నార్వేవాళ్ళూ ఎదురుతిరిగారు. 1891లో అది రద్దయింది. తర్వాత మొదటి ప్రపంచయుద్ధం వచ్చింది. 1918 మేలో అయోవా గవర్నర్ హార్డింగ్ బడిలో, రైల్లో, ఆఖరికి ఫోన్‌లో కూడా ఇంగ్లిషే మాట్లాడాలని ప్రకటించాడు. దీన్ని భాషను వదులుకోవడం అనకూడదు, లాక్కోవడం అనాలి.

ఇక "ప్రభుత్వం పైసా ఇవ్వలేదు" అన్న మాట. మా పిల్ల మనసు నొప్పించింది ఇదే.

వాళ్ళు చదివింది పన్నులతో నడిచే ఉచిత బడిలో. అక్కడ పొడవు ఆరు మైళ్ళు, వెడల్పు ఆరు మైళ్ళు ఉన్న నేలను ఒక టౌన్‌షిప్ అంటారు. దాన్ని 640 ఎకరాల చొప్పున 36 సెక్షన్లుగా కొలిచి, మిన్నెసోటాలో, డకోటాల్లో 16వ సెక్షన్, 36వ సెక్షన్ బడుల కోసం పక్కన పెట్టారు. అంటే ప్రతి టౌన్‌షిప్‌లో 1280 ఎకరాలు. 1862 హోమ్‌స్టెడ్ చట్టం కింద కుటుంబానికి 160 ఎకరాలు దాదాపు ఉచితంగా దక్కాయి. 21 నిండిన పెళ్ళికాని ఆడవాళ్ళూ సొంతంగా అర్జీ పెట్టుకోవచ్చు. అలా భూమి తీసుకున్న టీచర్లున్నారు. టీచర్ ట్రైనింగ్ ఇచ్చే నార్మల్ స్కూళ్ళు ప్రభుత్వానివే. మిన్నెసోటాలో అయితే, ఆ రాష్ట్రపు బడుల్లోనే పాఠాలు చెబుతామని హామీ రాసిస్తే ఫీజు ఉండేది కాదు.

ఆ నేల అక్కడి ఆదివాసులైన డకోటా జాతివాళ్ళది. 1862 డిసెంబర్ 26న మిన్నెసోటాలోని మన్‌కేటోలో 38 మంది డకోటాలను ఒకేసారి ఉరితీశారు. మరుసటి ఏడు మిగిలినవాళ్ళను రాష్ట్రం నుంచే వెళ్ళగొట్టారు. 1868లో అదే ఊళ్ళో నార్మల్ స్కూలు తెరిచారు. ఉచితం అన్నదాని వెనక ఇదీ ఉంది.

ఇంత చెప్పినా ఆ అమ్మాయిల కష్టం చిన్నది కాదు. పద్దెనిమిదేళ్ళ టీచర్ చలికాలంలో తెల్లవారకముందే ఒంటిగది బడికి వచ్చి, పొయ్యి రాజేసి, బూడిద ఎత్తి, బకెట్‌తో నీళ్ళు తెచ్చి పెట్టాలి. పొయ్యి దగ్గర బెంచీ మీద పిల్లలు వేడికి మాడిపోతుంటారు, కిటికీ పక్కన సిరా గడ్డకడుతుంది. ఒకటో తరగతి నుంచి ఎనిమిది దాకా అందరికీ తనే టీచర్.

నార్త్ డకోటాలో, నార్వే నుంచి వచ్చిన కుటుంబంలో పెరిగిన ఆగాట్ రాయెన్ కథ చూడండి. తండ్రి తాగుడు, పొలం మీద అప్పు. కూలి పనులు చేసుకుంటూ, మధ్యమధ్య ఆపుతూ మేవిల్ నార్మల్ స్కూల్లో చదివింది. స్టీల్ కౌంటీ బడులన్నిటికీ సూపరింటెండెంట్ అయింది. పట్టుదల ఆమెది. ఆ పట్టుదలకు అందేంత దూరంలో మేవిల్‌లో స్కూలు కట్టింది ప్రభుత్వం.

ఆ ఫొటో మళ్ళీ పంపాలనుకునేవాళ్ళు పంపండి. కింద ఉన్న ఆ రాత మాత్రం తీసేసి పంపండి.