సవరణ: సంజీవయ్య గారి మంత్రి పదవుల గురించి

దామోదరం సంజీవయ్య గారి మీద పెట్టిన పోస్టులో, 1960 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి అయ్యేవరకు ఆయన ఏ మంత్రి పదవీ చేయలేదని రాశాను. అది తప్పు. అప్పటి మంత్రివర్గ జాబితాలు, శాసనసభ రికార్డులు చూశాక సరిచేస్తున్నాను.

కర్నూలు దగ్గర పెదపాడులో 1921లో పుట్టిన ఆయనకు ఊహ తెలియకముందే తండ్రి పోయారు. డిగ్రీ అయ్యాక చిన్నాచితకా ఉద్యోగాలు చేసి, మద్రాసులో లా చదివారు. 1950లో తాత్కాలిక పార్లమెంటు (తొలి సాధారణ ఎన్నికలు జరిగేవరకు ఉన్నది) సభ్యులయ్యారు. 1952లో మద్రాసు శాసనసభకు గెలిచి, అప్పటి మద్రాసు ముఖ్యమంత్రి రాజాజీ మంత్రివర్గంలో చేరారు. అప్పటికి వయసు 31 మాత్రమే! 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చి కర్నూలు రాజధాని అయ్యాక ప్రకాశం పంతులు గారి దగ్గర, తర్వాత బెజవాడ గోపాలరెడ్డి, నీలం సంజీవరెడ్డి గార్ల దగ్గర కూడా మంత్రిగా పనిచేశారు.

ఈ తేడా నాకు చిన్నదిగా అనిపించలేదు. దేశంలో తొలి దళిత ముఖ్యమంత్రికి 38 ఏళ్లకే ఆ కుర్చీ ఎవరో దయతలచి ఇచ్చారన్నట్టు కొందరు ఇప్పటికీ మాట్లాడుతుంటారు. నా పోస్టు చదివితే అదే నిజమనిపిస్తుంది. నలుగురు ముఖ్యమంత్రుల దగ్గర పనిచేసి వచ్చిన మనిషి ఆయన. పాత పోస్టులో ఆ వాక్యం తీసేశాను. షేర్ చేసినవాళ్లు దీన్ని కూడా జత చేయండి.