తలకిందులైన బొమ్మ, క్లోజైన టికెట్

నిన్న జరిగింది, ఇంకా ఒళ్ళు మండుతూనే ఉంది. కేస్ బేస్డ్ రీజనింగ్ గురించి ఆఫీసులో నన్ను మాట్లాడమన్నారు, అంటే పాత సమస్యకి పనికొచ్చిన పరిష్కారాన్ని కాస్త మార్చి కొత్త సమస్యకి వాడుకోవడం, 1980ల్లో అమెరికాలోని యేల్ యూనివర్సిటీలో రోజర్ షాంక్, ఆయన శిష్యులూ మొదలుపెట్టిన వ్యవహారం. రూమ్ నిండింది, ప్రొజెక్టర్ ఆన్ చేశాను, మొదటి స్లైడ్ తలకిందులుగా పడింది.

సీలింగ్‌కి బిగించి ఉండేదాన్ని ఎవరో ఊడదీసి టేబుల్ మీద పెట్టారట, లోపల సెట్టింగ్ మాత్రం ఇంకా సీలింగ్‌దే. అది తర్వాత తెలిసింది లెండి. రిమోట్ ఎక్కడుందో ఎవడికీ తెలీదు. ముందు వరసలో కూర్చున్న మా మేనేజర్ గారు "హెల్ప్‌డెస్క్ బాట్‌ని అడగండి, అది కూడా మీరు చెప్పబోయే పద్ధతిలోనే పనిచేస్తుంది కదా" అన్నారు, అందరూ నవ్వారు. అడిగాను. "బొమ్మ తలకిందులుగా వస్తోంది."

బాట్ పాత టికెట్లన్నీ, అంటే ఇదివరకు వచ్చిన ఫిర్యాదులూ వాటి పరిష్కారాలూ, గాలించి ఒకటి పట్టుకొచ్చింది. అది స్కానర్‌ది. ఎప్పుడో ఎవరికో స్కాన్ చేసిన బొమ్మ తలకిందులుగా వస్తే, కాగితాన్ని తిప్పి, ముఖం కిందకి పెట్టి, మూత మూయమని చెప్పారట. "బొమ్మ" కలిసింది, "తలకిందులు" కలిసింది, ఇంకేం కావాలి? కాగితం అన్నచోట ప్రొజెక్టర్ అని మార్చేసి జవాబు గోడ మీద పడేసింది. అదీ తలకిందులుగానే. ముందు వరసంతా మెడలు పక్కకి వంచి కూడబలుక్కుని చదివారు: "ప్రొజెక్టర్‌ను తిప్పండి. ముఖం కిందకి ఉండేలా పెట్టండి. మూత గట్టిగా మూయండి." ఒకరి నాడి చూసి ఇంకొకరికి మందిచ్చినట్టు!

ఇక్కడ ఒక మాట చెప్పాలి. 1986 నాటికే క్రిస్టియన్ హామండ్ షెఫ్ అని ఒక ప్రోగ్రామ్ చేశాడు, వంటకాలు ప్లాన్ చేసేది. బీఫ్, గ్రీన్ బీన్స్ వేపుడు దాని దగ్గర ఉంటే బీన్స్ తీసేసి బ్రకోలీ పెట్టింది, బ్రకోలీ మెత్తబడిపోయింది. కానీ అది ఎందుకు మెత్తబడిందో కారణం వెతికింది, మాంసంలోంచి ఊరిన నీళ్ళ వల్ల అని తేల్చుకుంది, రెండూ విడివిడిగా వేయించాలని ప్లాన్ మార్చుకుంది. అప్పటి ప్రోగ్రామ్‌కి ఉన్న ఆ ఇంగితం మా బాట్‌కి లేదు, దానికి మాట మార్చడమే వచ్చు, కారణం అడగడం రాదు. ఇదే నా ఆరో స్లైడ్‌లో ఉంది, మెడ వంచి చదవగలిగితే.

"మరీ మూత మూయడమేంటండీ" అన్నాను. "సిస్టమ్ చెప్పాక మన తెలివెందుకండీ, చేసి చూడండి" అన్నారు మేనేజర్ గారు, పైగా లెన్స్ మూత ఆయనే వెతికి చేతికిచ్చారు, రిమోట్ మాత్రం దొరకదు గానీ మూత వెంటనే దొరికింది! ప్రొజెక్టర్‌ని నిలబెట్టి ముఖం కిందకి తిప్పాను, టేబుల్ మీద తెల్లటి వెలుగు, ఎవరిదో కాఫీ కప్పు మీద నా మొదటి స్లైడ్‌లో ఒక మూల. మూత పెట్టాను. చీకటి. వెనక ఎవడో చప్పట్లు కొట్టాడు, వాడెవడో కనుక్కుంటాను.

లాప్‌టాప్‌లో బాట్ అడిగింది: "ఇప్పుడు బొమ్మ తలకిందులుగా కనిపిస్తోందా?"

ఏం చెప్పాలి? అసలు బొమ్మే లేదు. రెండే బటన్లు, అవును, కాదు. ఔనంటే అబద్ధం. కాదు నొక్కాను. "సమస్య పరిష్కారమైంది. టికెట్ క్లోజ్ చేశాం."

ఈ పద్ధతికి ఆమొట్, ప్లాజా అనే ఇద్దరు పరిశోధకులు 1994లో రాసిన నాలుగు మెట్లు ఈ రంగంలో చాలామందికి తెలిసినవే: పాత కేసు తీయడం, వాడటం, సరిచూసి దిద్దడం, దాచుకోవడం. మావాళ్ళు మూడోదాన్ని రెండు బటన్లతో సరిపెట్టి నాలుగోది మాత్రం శ్రద్ధగా చేశారు. ఇప్పుడు నా కేసు విజయవంతమైన కేసుల్లో ఉంది. హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసి తీసేయమంటే "క్లోజైన టికెట్ మళ్ళీ తెరవడం కుదరదండీ, కొత్తది పెట్టండి, బాట్ చూసుకుంటుంది" అన్నారు.

ఇవాళ పక్క టీమ్ అమ్మాయి వచ్చి అడిగింది, వీడియో కాల్‌లో తన బొమ్మ తలకిందులుగా వస్తోందట, లాప్‌టాప్‌ని బోర్లా పెట్టి మూయమంటోందట బాట్, పైన నా పేరుంది, అలా చేస్తే మీకు నిజంగా బాగైందా అని.