గుడ్డూ నెమలీ

పక్క వాటాలో దంపతుల సంభాషణ ఇది. గోడ పలుచన, ఆయన గొంతు దిట్టం. ఆవిడ గొంతు పెంచదు, ఆ అవసరమూ రాదు.

ఆయన: కామాక్షీ! అక్కడే ఆగు. ఆ డబ్బా ముట్టుకోకు.

ఆవిడ: ఎందుకు, పేలుతుందా?

ఆయన: అంతకంటే ఘోరం. పప్పుల డబ్బాల వెనుక దాచారు. లోపల చిదిమిన గుడ్డు, పక్కన రాగి తీగతో చుట్టిన మనిషి బొమ్మ. మనకెవరో చేతబడి చేశారే!

ఆవిడ: గుడ్డు పచ్చిదా, ఉడికిందా?

ఆయన: ఉడికిందే.

ఆవిడ: చేతబడి చేసేవాళ్లు ఉడకబెట్టి, పెంకు తీసి మరీ పెట్టారా? ఉప్పూ మిరియాలూ చల్లారేమో చూడండి.

ఆయన: వేళాకోళం వద్దు. బొమ్మకు పొట్ట ఉంది. అది నేనే.

ఆవిడ: అది నెమలి. నేను చేసుకున్న లాకెట్.

ఆయన: నెమలికి మెడ ఉండాలిగా?

ఆవిడ: ఉండేది. వంచీ వంచీ తీగ గట్టిపడి పుటుక్కున విరిగింది. మధ్యలో ఒకసారి ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచి ఉంటే మెత్తబడేది. పోనీలే అని, తల పింఛంలో దాచుకున్నట్టు చుట్టేశాను. ఇలాంటి నెమలి ఎవరి దగ్గరా ఉండదు.

ఆయన: మెడ విరిచారు! అందుకే పొద్దున్నుంచీ నా మెడ పట్టేసింది!

ఆవిడ: రాత్రి క్రికెట్ చూస్తూ కుర్చీలో గుర్రుపెట్టారు. అందుకు.

ఆయన: మరి కాగితం మీద ఆ అంకెలేమిటి? 18, 28. యంత్రమే!

ఆవిడ: తీగ గేజీలు. 18 అంటే మిల్లీమీటరు మందం, చట్రానికి. 28 దారంలా ఉంటుంది, అల్లికకు. అంకె పెరిగేకొద్దీ తీగ సన్నబడుతుంది. మీ వయసూ బుద్ధీ లాగా.

ఆయన: గుడ్డెందుకు మరి?

ఆవిడ: దానిలో గంధకం ఉంటుంది. మూత బిగిస్తే ఆ ఆవిరికి రాగి నల్లబడుతుంది. తరువాత పైపైన రుద్దితే ఎత్తుల్లో మెరుపు, మూలల్లో నలుపు నిలుస్తాయి.

ఆయన: తళతళలాడే రాగిని కొని మసిబొగ్గు చేస్తావా? చెడిపోతే?

ఆవిడ: చెడిపోతే ఇంకొకటి చుడతాను. తళతళలాడేవి బజారు నిండా ఉన్నాయి. ఇంతకీ చీపురు పట్టుకుని అలమారకు అడ్డం నిలబడ్డారెందుకు?

ఆయన: ఏదైనా జరిగితే ముందు నాకే జరగాలని.

(ఇక్కడ కాసేపు ఏమీ వినబడలేదు. మూత తీసిన చప్పుడు మాత్రం వచ్చింది.)

ఆవిడ: ఇలా కూర్చోండి, మెడకు నూనె రాస్తాను. చీపురు కింద పెట్టండి.

ఆయన: అమ్మా! మెల్లగా! ఆ నెమలిని నిజంగా మెడలో వేసుకుంటావా? పొట్ట నాదేనే.

ఆవిడ: పెళ్లైనప్పటి నుంచీ చేస్తున్నది అదేగా.

ఆయన: ఇంకో సంగతి, కోప్పడకు. అక్కకు ఫోను చేశాను. బూడిద గుమ్మడికాయతో బయలుదేరింది.

ఆవిడ: రానివ్వండి. గుమ్మంలో మాత్రం కొట్టనివ్వకండి, వడియాలు పెట్టాలి.