చెయ్యి ఎత్తొద్దన్న మెసేజ్‌కి జవాబు

పోయిన వారం మా కుటుంబం గ్రూపులోకి ఒక మెసేజ్ వచ్చింది. పంపింది హిందూపురంలో ఉండే మా పిన్ని. "రొమ్ము క్యాన్సర్ వచ్చిన ఆడవాళ్లకు బెంగళూరు పెద్ద డాక్టర్ గారు చెప్పిన ఆరు జాగ్రత్తలు" అని మొదలవుతుంది. ఆ డాక్టర్ పేరేమిటో లేదు, ఏ ఆసుపత్రో లేదు. చివర్న "పది మందికి పంపండి, ఒక ప్రాణం నిలబెట్టండి" అని మాత్రం ఉంది.

ఈ మెసేజ్ మాకు కొత్త కాదు. ఏడాదిన్నర కిందట మా వదినకు ఆపరేషన్ అయినప్పుడు ముగ్గురు చుట్టాలు ఇదే పంపారు. అప్పుడు పోనీలే అని ఊరుకున్నాం. ఊరుకున్న పాపానికి ఆమె భుజం పట్టేసింది. అందుకే ఈసారి వరసగా జవాబు రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు. ఏడేళ్లుగా వదిన వెంట బెంగళూరు కబ్బన్ పార్కులో పరిగెత్తే ఆడపడుచుని. ఆమె ఆరు ఫుల్ మారథాన్లు (ఒక్కోటి 42 కిలోమీటర్లు), ఒక 50 కిలోమీటర్ల పరుగు పూర్తి చేసిన మనిషి. నేను పది కిలోమీటర్లు దాటితే ఆటో కోసం చూసే రకం.

మొదటి జాగ్రత్త: "పరుగులు పెట్టే ఆడవాళ్లకు ఆ అదురుకు లోపల దెబ్బ తగిలి గడ్డ కడుతుంది."

దెబ్బ తగిలితే క్యాన్సర్ రాదు. తగిలిన చోట తడిమి చూసుకుంటాం కాబట్టి అప్పటికే ఉన్న గడ్డ బయటపడుతుంది, అంతే. వ్యాయామం చేసే ఆడవాళ్లకు ఈ జబ్బు ముప్పు కాస్త తక్కువేనని ఎన్నో దేశాల్లో జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. కాస్త తక్కువ అంటే అసలు రాదని కాదు. వయసు, వంశంలో వచ్చే జన్యువులు, నెలసరి ఆగాక పెరిగే బరువు, మద్యం, ఇలా ముప్పు పెంచేవి చాలా ఉన్నాయి. వయసు తప్ప మిగతావేవీ లేకపోయినా వచ్చినవాళ్లున్నారు. 2022లో మన దేశంలో సుమారు 1.92 లక్షల మందికి కొత్తగా రొమ్ము క్యాన్సర్ వచ్చిందని అంతర్జాతీయ అంచనా. వాళ్లంతా తెల్లవారుజామున బూట్లు కట్టుకుని రోడ్డెక్కినవాళ్లేనా?

నిజానికి మా వదిన గడ్డను పట్టించింది పరుగే. లాంగ్ రన్ రోజున బ్రా అంచు ఒరుసుకోకుండా వ్యాజలీన్ రాసుకుంటాం. ఒక ఆదివారం తెల్లవారుజామున నాలుగున్నరకు, పిల్లలు లేస్తారని లైటు కూడా వెయ్యకుండా రాసుకుంటుంటే ఎడమ చంకకు దగ్గరలో శనగగింజంత గట్టిగా వేలికి తగిలింది. నొప్పి లేదు. ఆ రోజు 24 కిలోమీటర్లు పరిగెత్తి, ఇడ్లీలు తింటూ నాకు చెప్పింది. ముందే చెబితే నేను పరుగు ఆపించేస్తానని భయమట.

రెండోది: "సూది పరీక్ష చేయించొద్దు. గడ్డను గుచ్చితే క్యాన్సర్ ఒళ్లంతా పాకుతుంది."

ఈ మెసేజ్ రాకముందే, ఇదే భయంతో మా ఇంట్లో తొమ్మిది రోజులు పోయాయి. మా అన్నయ్య ఇంజనీరు, అయినా పోయాయి. ఈ సూది పరీక్ష, అంటే బయాప్సీ, చేయకపోతే అది క్యాన్సరో కాదో ఖాయంగా తెలియదు. క్యాన్సరే అయితే, హార్మోన్ల వల్ల పెరిగే రకమా, హెర్2 అనే ప్రొటీన్ ఎక్కువగా ఉండే రకమా అన్నదీ తెలియదు. అది తెలియకుండా ఏ మందు ఇవ్వాలో ఏ డాక్టరూ చెప్పలేరు. సూది వెళ్లిన దారిలో కొన్ని కణాలు మిగలడం ఎప్పుడైనా జరగొచ్చు. దానివల్ల రోగుల ఆయుష్షు తగ్గినట్టు మాత్రం రుజువు లేదు. పరీక్ష మానుకుంటే గడ్డ పెరగడం ఆగదు.

మూడోది: "రొమ్ము మొత్తం తీసేస్తేనే ప్రాణం దక్కుతుంది." ఇది పాత మాట. అమెరికాలో బెర్నార్డ్ ఫిషర్ అనే సర్జన్ బృందం 1,851 మందిని 20 ఏళ్లు గమనించి 2002లో ఫలితాలు ప్రచురించింది. గడ్డ వరకే తీసి రేడియేషన్ ఇచ్చినవాళ్లు, మొత్తం తీసేసినవాళ్లతో సమానంగానే బతికారు. మిగిలిన రొమ్ములో తిరగబెట్టే అవకాశం కొంత ఉంటుంది, రేడియేషన్ ఇచ్చేది అందుకే. వదినకు స్కానింగులో రెండు వేర్వేరు చోట్ల గడ్డలు కనిపించాయి కాబట్టి మొత్తం తీశారు. అది ఆమె రిపోర్టుల్ని బట్టి చేసిన పని. మీ అత్తగారి రిపోర్టులు వేరే ఉంటాయి.

ఇక నాలుగోది. నాకు కోపం తెప్పించింది ఇదే. "ఆపరేషన్ అయిన వైపు చెయ్యి జన్మలో భుజం పైకి ఎత్తకూడదు. కిలోకు మించి మోయకూడదు."

భయానికి మూలం లేకపోలేదు. చంకలో లింఫ్ గ్రంథులు తీసేస్తే చేతిలోంచి వెనక్కి వెళ్లాల్సిన ద్రవానికి దారులు తగ్గుతాయి. కొందరికి చెయ్యి వాస్తుంది. ఒకప్పుడు డాక్టర్లు కూడా ఆ చేతితో బరువు పని వద్దనే చెప్పేవారు. 1996లో కెనడాలోని వాంకూవర్‌లో డాన్ మెకెంజీ అనే డాక్టరు దీన్ని పరీక్షకు పెట్టాడు. రొమ్ము క్యాన్సర్ చికిత్స అయిన 24 మందికి తర్ఫీదు ఇచ్చి, డ్రాగన్ బోటు అనే పొడుగు పడవలో తెడ్లు వేయించాడు. చేతులు, భుజాలు విరగ పని చేయాల్సిన ఆట అది. ఒక్కరికీ కొత్తగా వాపు రాలేదు. 2009లో అమెరికాలో కాథరిన్ ష్మిట్జ్ అనే పరిశోధకురాలి బృందం ఇంకా కష్టమైన ప్రశ్న వేసింది. అప్పటికే చెయ్యి వాచినవాళ్లు బరువులెత్తితే ఏమవుతుంది? 141 మందిని రెండు గుంపులు చేశారు. ఒక గుంపు ఏడాది పాటు వారానికి రెండుసార్లు, చేతికి బిగుతు తొడుగు వేసుకుని, తక్కువ బరువుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతూ వెళ్లింది. వాపు ఉన్నట్టుండి ఎక్కువవడం బరువులెత్తినవాళ్లలో 14 శాతం మందిలో కనిపిస్తే, ఎత్తనివాళ్లలో 29 శాతం మందిలో కనిపించింది.

ఇప్పుడు మా ఇంటి సంగతి. ఆపరేషన్ అయ్యాక వదినకు రెండు డ్రెయిన్లు పెట్టి పంపారు. గొట్టం చివర రబ్బరు బుడ్డి, అందులోకి ద్రవం దిగుతుంది, రోజూ కొలిచి రాయాలి. ఆ బుడ్లను ఎక్కడ తగిలించాలో తెలియక అందరూ అవస్థ పడతారు. వదిన తన లాంగ్ రన్ బెల్టు తెమ్మంది. నీళ్ల బాటిళ్లు పెట్టుకునే జేబుల్లో రెండు బుడ్లూ సరిగ్గా పట్టాయి. పైన అన్నయ్య చొక్కా. ఆ అవతారంలో హాల్లో రౌండ్లు కొట్టేది.

డ్రెయిన్లు తీశాక ఫిజియో గోడ మీద వేళ్లతో పాకించే వ్యాయామం ఇచ్చింది. సరిగ్గా అప్పుడే ఈ మెసేజ్ దిగింది. పరుగులో మొండి మనిషి, ఇక్కడ భయపడింది. చెయ్యి వాస్తుందేమోనని పదకొండు రోజులు ఎత్తడమే మానేసింది, మాకు చెప్పలేదు. జడ వేసుకోవడానికి చెయ్యి లేవకపోతే గానీ బయటపడలేదు. చంక నుంచి మోచేతి దాకా చర్మం కింద తీగ లాగి కట్టినట్టు తేలింది. ఫిజియో చూసి, ఇది చాలామందికి వస్తుంది, సాగదీస్తే పోతుంది అంది. మా వంటింటి గోడ మీద పెన్సిల్ గీతలు ఇంకా ఉన్నాయి. మొదటిది స్విచ్‌బోర్డు దగ్గర, చివరిది మసాలా డబ్బాల అర పైన. ఆ రెంటి మధ్య దూరానికి ఆరు వారాలు పట్టింది.

మొదటి నాలుగు నుంచి ఆరు వారాలు, కుట్లు బాగా మానేదాకా, నీళ్ల క్యాను ఎత్తొద్దన్నది నిజం. జన్మంతా వద్దన్నది అబద్ధం. మెసేజ్‌లో పోయినది ఆ తేడాయే.

ఐదో జాగ్రత్త: "ఏడాది మంచం దిగకూడదు. పరుగు వల్ల రక్తం వేగంగా తిరిగి క్యాన్సర్ పాకుతుంది." మంచం మీద పడుకున్నా గుండె నిమిషానికి సుమారు ఐదు లీటర్ల రక్తం తిప్పుతూనే ఉంటుంది. చికిత్స రోజుల్లో నీరసం తగ్గించడానికి బాగా పనిచేసే వాటిలో వ్యాయామం ఒకటి. 2019లో అంతర్జాతీయ నిపుణుల బృందం ఇచ్చిన సలహా ప్రకారం వారానికి మూడుసార్లు అరగంట చొప్పున నడక లాంటిది, రెండుసార్లు కండరాలకు పని చాలు. కీమోలో తెల్ల రక్తకణాలు పడిపోయిన రోజుల్లో జాగ్రత్త పడాలి, జ్వరం 100.4 దాటితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కొన్ని మందులు గుండె మీద ప్రభావం చూపుతాయి, అందుకే ఎకో (గుండె స్కానింగు) తీస్తారు. కాలివేళ్లు మొద్దుబారితే పడిపోయే ప్రమాదం ఉంటుంది. ఇవీ అసలు జాగ్రత్తలు. వీటిలో ఒక్కటీ మెసేజ్‌లో లేదు.

వదిన చేసిన తప్పు దీనికి పూర్తిగా ఎదురు. రెండో కీమో అయిన నాలుగో రోజు, "ఊరికే కిందికి వెళ్లొస్తా" అని వెళ్లి అపార్ట్‌మెంటు చుట్టూ పరిగెత్తబోయింది. రెండో రౌండుకే కళ్లు తిరిగి సెక్యూరిటీ అన్న కుర్చీలో కూలబడింది. మారథాన్ మొండితనం ఇక్కడ పనికిరాదు. నేను తిడితే, "ముప్పై అయిదో కిలోమీటరు అనుకున్నానే, తీరా చూస్తే మొదటి కిలోమీటరు" అంది.

ఆరోది: "ఎవరికీ చెప్పొద్దు. దిష్టి తగులుతుంది, ఇంట్లో ఆడపిల్లలకు సంబంధాలు తప్పిపోతాయి."

వదినకు కూతురుంది, ఇంటర్ చదువుతోంది. కాబట్టి ఈ మాట మా అమ్మను బాగానే పట్టుకుంది. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్య జన్యువుల వల్ల వచ్చేవి నూటికి ఐదు నుంచి పది. ఆ అనుమానం ఉంటే పిల్లకు తెలియాలి కూడా, ముందుగా జాగ్రత్త పడుతుంది. దాచి పెళ్లి చేస్తే జన్యువు ఊరుకుంటుందా?

వదిన మా పరుగు గ్రూపులో రెండు వాక్యాల్లో చెప్పేసింది. జాలి మాటలు రాలేదు. ఎక్సెల్ షీటు వచ్చింది. రేడియేషన్‌కు 15 సిట్టింగులు, వారానికి ఐదు రోజులు. ఎవరు కారు తెస్తారో, ఎవరు తిరిగి దింపుతారో అందులో పేర్లు. సిల్క్‌బోర్డు ట్రాఫిక్ తెలిసినవాళ్లకు అదెంత సాయమో చెప్పక్కర్లేదు. కీమో వారాల్లో వాసన పడదని తెలుసుకుని, ఒకావిడ తాలింపు లేని పెరుగన్నం పంపేది. ఒక కన్నడ పెద్దాయన రోజూ రాగి అంబలి ఫ్లాస్కు తెచ్చి, మాట్లాడకుండా పెట్టి, నిన్నటి ఫ్లాస్కు తీసుకుని వెళ్లేవాడు. ఆయన పేరు నాకు నెల తర్వాత తెలిసింది. జుట్టు ఊడినప్పుడు మాత్రం గుంపంతా వస్తామంటే వదిన వద్దంది. ఆ రోజు మేమిద్దరమే ఉన్నాం. చెప్పడమంటే అందరినీ గదిలోకి రానివ్వడం కాదు.

ఇదంతా కుటుంబం గ్రూపులో పెట్టాక పిన్ని చాలాసేపు పలకలేదు. తర్వాత నాకు ఫోన్ చేసింది. "మా ఆడపడుచుకు పోయిన నెల ఇదే ఆపరేషన్ అయిందమ్మాయ్, అందుకే పంపాను. మరి తను చెయ్యి ఎత్తొచ్చా?" అంది. ఏ రోజు నుంచి, ఎంతవరకు అన్నది ఆవిడ సర్జన్‌ని అడగమన్నాను. వదిన ఫోన్ లాక్కుని వీడియో పెట్టమంది. వంటింట్లోకి వెళ్లి, గోడ మీద గీతల పక్కన నిలబడి, ఎడమ చెయ్యి పైకి పెట్టి మసాలా డబ్బా దించి చూపించింది.