బావిలో దయ్యం అక్కకు, హనుమకొండ నుంచి

దయ్యం అక్కకు నమస్తే.

అక్కా అన్నందుకు ఏమీ అనుకోకు. మా దిక్కు ముఖపరిచయం లేని ఆడమనిషిని అక్కా అనే పిలుస్తాం, బతికున్న మనిషా పోయిన మనిషా అని ఆరా తీయం. నీ సినిమా మొదటి భాగం చూసిన రోజుల్లో అయితే రాత్రిపూట నిన్ను తలుచుకోవడానికే జంకేవాణ్ని. ఇప్పుడు కాలు మీద కాలు వేసుకుని, చాయ్ తాగుతూ నీకు ఉత్తరం రాస్తున్నాను. సంగతి ఎక్కడిదాకా వచ్చిందో నువ్వే ఆలోచించుకో.

నాకు హనుమకొండలో ఒక జిరాక్స్ షాపు ఉంది. మొన్న శుక్రవారం ఏదో ఉద్యోగాల నోటిఫికేషన్ పడి పిల్లలు సర్టిఫికెట్లు పట్టుకుని షాపు ముందు లైన్ కట్టారు. అంత గిరాకీని వదిలేసి ఎనిమిదింటికే షట్టర్ దించాను, నీ రెండో భాగం సెకండ్ షో కోసం. నేను, మా ఆవిడ, మా అక్క కొడుకు, ముగ్గురం. టికెట్లు, పార్కింగు, ఇంటర్వెల్‌లో సమోసాలు కలిపి ఎంతయిందో చెప్పను. దయ్యంతో డబ్బుల పంచాయితీ పెట్టుకున్నాడని నలుగురూ నవ్వుతారు. పోయిన గిరాకీ సంగతి మాత్రం మనసులో పెట్టుకో.

మొదటి భాగం నీకు గుర్తుందో లేదో, నాకు మాత్రం ఉంది. పాత బావి. దాని మీద తుప్పు పట్టిన గిరక. వాకిట్లో ఎవరూ లేరు. గిరక ఒక్కసారి కిర్రుమంది. అంతే. హాలంతా ఊపిరి బిగబట్టింది. ఎవరి చేతిలోనో పాప్‌కార్న్ కవరు చప్పుడైతే నలుగురు ఒకేసారి 'ష్' అన్నారు. తర్వాత బావి గట్టు నుంచి గడప దాకా తడి పాదాలు. ఆ పాదాలు లోపలికి వచ్చినట్టు ఉన్నాయి, బయటికి వెళ్లినట్టు లేవు. మా ఆవిడ నా మణికట్టు పట్టుకుంటే గోళ్ల గాట్లు మూడు రోజులున్నాయి. షాపుకొచ్చిన వాళ్లు అడిగితే పిల్లి రక్కిందని చెప్పాను.

మా బాత్రూం వెనక వాకిట్లో ఉంటుంది. ఆ సినిమా చూశాక నెల రోజులు రాత్రి ఒంటిగంటకు మా ఆవిడ నన్ను లేపేది. "లే, తోడు రా. బయటనే నిలబడు. మాట్లాడుతనే ఉండు, ఆపకు." అర్ధరాత్రి నిద్రమత్తులో ఏం మాట్లాడతాం? నోటికొచ్చినవి షాపు రేట్లే. "ఒక్క దిక్కు రెండు రూపాయలు, రెండు దిక్కులా మూడు, కలర్ అయితే పది, లామినేషన్ ముప్పై…" పక్కింటాయన ఒకరోజు పొద్దున్నే గోడ మీద నుంచి తల పెట్టి, "ఏం తమ్మీ, నిద్రల గూడ యాపారమేనా?" అన్నాడు. వాకిట్లో లైటు రాత్రంతా వెలుగుతూనే ఉండేది. ఆ నెల కరెంటు బిల్లు చూసి కూడా నిన్ను ఒక్క మాట అనలేదు అక్కా. సంతోషంగా కట్టాను.

ఇంతకూ ఆ సినిమాలో నువ్వు చేసిందేమిటి? ఏమీ లేదు. నీ ముఖమే చూపించలేదు. చివర్లో బొక్కెన దానంతటదే నిండుగా పైకి వచ్చింది, లైట్లు వేశారు, ఇంటికి పొమ్మన్నారు. పార్కింగ్‌లో బండి తీసుకునే దాకా ఎవరూ నోరు విప్పలేదు.

నేను భయం నేర్చుకున్నదే అట్లా. మాది పరకాల దిక్కు పల్లె. తొంభైల్లో ఊళ్లల్లో ఇంటింటి తలుపు మీద 'ఓ స్త్రీ రేపు రా' అని రాసిన రోజులు నీకు తెలిసే ఉంటాయి, మీవాళ్ల సంగతే కదా. ఒక ఆడ దయ్యం రాత్రిపూట వచ్చి తెలిసిన గొంతుతో పిలుస్తుందని, పలికితే పోతారని చెప్పుకునేవాళ్లు. తలుపు మీద 'రేపు రా' అని ఉంటే చదువుకుని వెనక్కి పోతుందట. మర్నాడు వస్తే మళ్లీ అదే మాట. మా బాపమ్మకు చదువు రాదు. ఐదో తరగతి చదివే నన్ను పిలిచి, చేతికి సుద్దముక్క ఇచ్చి రాయమంది. రాశాను. పడుకున్నాక గుర్తొచ్చింది, 'రా'కు దీర్ఘం పెట్టడం మరిచిపోయానని. 'ఓ స్త్రీ రేపు ర' అని రాసి వచ్చాను. ఆమెకు అర్థమవుతుందా? తప్పు రాశారని కోపమొచ్చి లోపలికి వస్తుందా? లేచి దీర్ఘం పెట్టి వద్దామంటే తలుపు తీయాలి. తెల్లారేదాకా దుప్పట్లో కళ్లు తెరుచుకునే ఉన్నాను. ఆ దయ్యం ఒక్క ఇంటికీ వచ్చింది లేదు. రాకుండానే ఊరూరినీ వణికించింది. సీక్వెల్ అంటే నాకు అదీ. రోజూ రేపటికి వాయిదా పడే సీక్వెల్.

నువ్వేమో మొదటి పది నిమిషాల్లోనే వచ్చేశావు. అదీ పట్టపగలంత లైటింగులో. తెల్లటి ముఖం, కళ్ల చుట్టూ కాటుక, గాలి లేకున్నా ఎగిరే జుట్టు. నీ ముఖం తెర నిండా పడగానే నాకు భయం వేయలేదు అక్కా, వృత్తి ధర్మం గుర్తొచ్చింది. మా షాపులో పాస్‌పోర్ట్ ఫోటోలు కూడా తీస్తాం. ఈమెకు తెల్ల బ్యాక్‌గ్రౌండ్ పెడితే ముఖం కనపడదు, నీలం పెట్టాలి అనుకున్నాను.

దాన్నైనా ఓర్చుకునేవాణ్ని. ఆ ఫ్లాష్‌బ్యాక్ ఎందుకు? నలభై నిమిషాలు! నీ పేరు, మీ నాన్న పేరు, మీ ఊరు, నువ్వు చదివిన కాలేజీ, నీ పెళ్లి ఎందుకు ఆగింది, నిన్ను ఎవరు తోశారు, అన్నీ చెప్పేశారు. ఆధార్ జిరాక్స్ ఒక్కటే తక్కువ. గిరక ఎందుకు కిర్రుమంటుందో కూడా చెప్పారు. నూనె పెట్టమని నువ్వు ఎన్నిసార్లు చెప్పినా మీ బావ పెట్టలేదట! మూడేళ్లు నన్ను నిద్రపోనివ్వని చప్పుడు చివరికి నూనె డబ్బా దగ్గర తేలింది. మా ఆవిడ నా చెవిలో, "మన షట్టర్ గూడ గట్లనే మొత్తుకుంటది, రేపు జర నూనె పెట్టు" అంది. చూశావా, నీ గిరక మా ఇంటి పనుల జాబితాలోకి వచ్చి పడింది.

బావిలో పాట గురించి మాట్లాడను. అంత మంది డ్యాన్సర్లు ఆ బావిలో ఎట్లా పట్టారో ఇంజనీర్లు తేల్చాలి. హైదరాబాద్ నుంచి ఒకాయన బీప్ బీప్ మనే మిషన్ పట్టుకొచ్చి, "దీని శక్తి ఎనభై ఏడు శాతం" అన్నాడు. ముందు వరుసలోంచి ఎవరో, "చార్జర్ తియ్యిర్రి, బ్యాటరీ ఖరాబైతది" అన్నారు. సినిమా మొత్తానికి నాకు నచ్చిన డైలాగు అదే, రాసినవాళ్లకు దాంతో సంబంధం లేదు.

ఇక పది నిమిషాలకోసారి ఆ ధడేల్ చప్పుళ్లు. అక్కా, ఉలికిపాటు వేరు, భయం వేరు. వెనక నుంచి లారీ హారన్ కొట్టినా ఉలిక్కిపడతాను. ములుగు రోడ్డు మీద రోజూ పడుతూనే ఉన్నాను, టికెట్ లేకుండా. రెండో సగానికి వచ్చేసరికి ముందు వరుస పోరగాళ్లకు నీ టైమింగు పట్టుబడింది. సంగీతం ఆగగానే "ఒకటి… రెండు… మూడు" అని లెక్కపెట్టడం, మూడు అనగానే నువ్వు రావడం, చప్పట్లు. నా వెనక కూర్చున్న పెద్దాయన మంచి నిద్రలో ఉన్నాడు. నువ్వు క్లైమాక్స్‌లో నిశ్శబ్దంగా కళ్లు తెరిచినప్పుడు ఆయన గురక ఒక్కటే వినపడింది. నిజం చెప్పాలంటే ఆ గురకకే కొంచెం ఒళ్లు జలదరించింది.

వీటన్నిటికంటే పక్క సీట్లో చిన్న పిల్ల. ఆరేళ్లుంటాయేమో, నిజానికి ఆ టైముకు ఆ పిల్లను తేవడమే తప్పు. నువ్వు తెర మీద బావిని వేళ్లతో సహా పెకలించి ఆకాశంలో గిరగిర తిప్పుతున్నావు. ఆ పిల్ల సమోసా నములుతూ, "డాడీ, దయ్యం ఎప్పుడొస్తది?" అని అడిగింది.

మా మేనల్లుడు బీటెక్. చదివేది మాత్రం సినిమాలు. బయటికి వచ్చి చాయ్ బండి దగ్గర నిలబడితే పాఠం మొదలుపెట్టాడు. 1975లో అమెరికాలో 'జాస్' అని సొరచేప సినిమా తీస్తుంటే మర సొరచేప ఉప్పునీళ్లలో మొరాయించిందట. చూపించడానికి చేప లేక నీళ్లనూ సంగీతాన్నీ చూపించి నెట్టుకొచ్చారు, గంట దాటితే గానీ చేప సరిగ్గా కనపడదు. జనం సముద్రంలోకి దిగాలంటే జంకారు. "మామా, గా చేప మంచిగ పనిచేసి ఉంటే సినిమా ఖరాబయ్యేది" అన్నాడు. మీ రెండో భాగం వాళ్లకు అదే వచ్చింది కష్టం. మీ దగ్గర అన్నీ పనిచేశాయి.

ఇది నీ ఒక్కదాని తప్పు కాదని కూడా వాడే చెప్పాడు, నీ మీద వాడికి ఇంకా అభిమానం ఉంది. 1973లో వచ్చిన 'ఎక్సార్సిస్ట్' అనే అమెరికా దయ్యం సినిమా చూసి హాళ్లల్లో జనం కళ్లు తిరిగి పడ్డారట. 1977లో దాని రెండో భాగానికి అదే జనం నవ్వారు, విడుదలయ్యాక దర్శకుడే మళ్లీ కత్తెర పట్టాల్సి వచ్చింది. ఇంకొకటి, 'బ్లెయిర్ విచ్'. 1999లో వచ్చింది. ముగ్గురు పిల్లలకు కెమెరాలిచ్చి అడవిలోకి తోలి, చిల్లర డబ్బులతో తీశారు. మంత్రగత్తె ఒక్క క్షణం కూడా కనపడదు. మరుసటి ఏడాదే కోటిన్నర డాలర్లు పోసి రెండోది దించితే తిట్లు తిన్నారు. డబ్బు చేతికొచ్చాక చూపించకుండా ఉండటం కష్టం కాబోలు. కొత్తగా టీవీ కొన్నవాళ్లు సౌండు పెంచకుండా ఉండగలరా?

దీనికి వాడి పుస్తకాల జ్ఞానం అక్కర్లేదు, నా మిషన్‌ను అడిగినా చెబుతుంది. పిల్లలు జిరాక్స్ కాగితం తెచ్చి దాని మీదే మళ్లీ జిరాక్స్ తీయమంటారు. "ఒరిజినల్ తేపో తమ్మీ, ఇది నల్లగ వస్తది" అంటే వినరు. నల్లగా వస్తుందని డార్క్‌నెస్ తగ్గిస్తే అక్షరాలు పోతాయి, పెంచితే కాగితమంతా మసి. నీ సినిమాలో పెంచారు.

ఖిలా వరంగల్ ఎప్పుడైనా చూశావా? రాకుంటే ఒకసారి రా, సాయంత్రం జనం పలచబడ్డాక. నాలుగు దిక్కులా నాలుగు రాతి తోరణాలు నిలబడి ఉంటాయి, తెలంగాణ రాజముద్రలో ఉన్నది ఆ తోరణమే. మధ్యలో స్వయంభూ శివుడి గుడి ఉండేది. 1323లో కాకతీయుల రాజ్యం పోయింది, గుడీ పోయింది. ఇప్పుడు మధ్యలో విరిగిన స్తంభాలు, చెక్కిన రాళ్లు, గడ్డి. నేను చిన్నప్పటి నుంచి ఎన్నిసార్లు పోయానో లెక్క లేదు, పోయిన ప్రతిసారీ తోరణం కింద నిలబడి లోపలికి చూస్తే మెడ మీద వెంట్రుకలు లేస్తాయి. ఆ లేని గుడిని ఎవరికి వాళ్లం కట్టుకుంటాం. నేను కట్టుకున్నదీ, నా పక్కన నిలబడ్డవాడు కట్టుకున్నదీ ఒకటి కాదు. నీ మొదటి భాగం నా తలలో అట్లానే ఉండేది. మీవాళ్లు వచ్చి ఆ ఖాళీ జాగాలో థర్మాకోల్ గోపురం కట్టి, సీరియల్ లైట్లు వేలాడదీసి, "ఇదిగో, గుడి ఇట్లా ఉండేది" అన్నారు. పాత సినిమా మళ్లీ చూద్దామన్నా నూనె డబ్బాయే గుర్తొస్తుంది. నా పైసలు పోయినందుకు కాదు, ఇందుకే నీ మీద కోపం.

రెండోసారి రావడమే తప్పని అననులే. మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. కథ అందరికీ తెలిసిందే. అయినా చిలకలగుట్ట మీద నుంచి సమ్మక్క కుంకుమ భరిణె దిగి వస్తుంటే, చూడటానికి ఉన్నది అంత చిన్న భరిణె అయినా, లక్షల మంది ఒళ్లు ఝల్లుమంటుంది. తప్పు, తప్పు. తల్లి మాట దయ్యం ఉత్తరంలో ఎత్తకూడదు. లెంపలేసుకున్నాను, ఈ పేరా నువ్వు చదవనట్టే అనుకో.

ఇంటికి భద్రకాళి చెరువు కట్ట మీదుగా వచ్చాం. రాత్రి ఒంటిగంటన్నర, నీళ్ల మీద పల్చగా పొగమంచు, దూరంగా కాజీపేట దిక్కు రైలు కూత. మొదటి భాగం చూసిన రాత్రి ఇదే కట్ట మీద బండి అరవైలో పోనిచ్చాను, అద్దంలో వెనక్కి చూడలేదు. ఈసారి నిదానంగా వస్తూ, మధ్యలో ఆపి మేనల్లుడికి ఫోటో కూడా తీశాం. కుక్కలు వెంటపడితే వాటికి భయపడ్డాం. మా ఆవిడ ఇంట్లోకి వస్తూనే చెప్పులు విడిచి, ఒక్కతే వెనక వాకిట్లోకి పోయి వచ్చి, లైటు ఆపేసి పడుకుంది. నేను అలవాటు కొద్దీ గుమ్మం దగ్గర నిలబడి, "ఒక్క దిక్కు రెండు రూపాయలు" అన్నాను. "ఏందయ్యా గది, పండుకో" అంది.

అక్కా, సినిమా ఆఖర్లో నువ్వు మళ్లీ ఒక కన్ను తెరిచావు. పేర్లు పడుతుండగా తెర మీద '3' అని కూడా వేశారు. అది చూసిన దగ్గర్నుంచి మా బాపమ్మ సుద్దముక్క తెగ గుర్తొస్తోంది. ఈసారి దీర్ఘం మరిచిపోకుండా రాసేవాణ్నే. కానీ మా తలుపు ఇప్పుడు టేకుది, దసరాకు పాలిష్ చేయించాం. దాని మీద గీత పడితే మా ఆవిడ ఊరుకోదు. అందుకే కాగితం మీద రాసి పంపుతున్నాను.

ఇట్లు,
జిరాక్స్ షాపు తమ్ముడు
హనుమకొండ