సవరణ: చిలెంబ్వే తిరగబడే ముందు ఉత్తరం రాశారు

న్యాసాలాండ్ (నేటి మలావీ) పాస్టర్ జాన్ చిలెంబ్వే 1915 జనవరిలో బ్రిటిష్ పాలనపై "ఉన్నట్టుండి తిరగబడ్డారు" అని నిన్నటి పోస్టులో ఉంది. ఆ "ఉన్నట్టుండి" తీసేసి చదవండి. 1914 సెప్టెంబరులో కరోంగా దగ్గర జర్మన్లతో పోరులో బ్రిటిష్ తరఫున పోరాడిన ఆఫ్రికన్ సైనికులు చనిపోయారు. నవంబరులో ఆయన 'న్యాసాలాండ్ టైమ్స్'కు ఉత్తరం రాశారు: మాది కాని యుద్ధంలో మా రక్తం ఎందుకు చిందాలని. ప్రభుత్వం ఆ ఉత్తరాన్ని జనంలోకి పోనివ్వలేదు. ఆయుధం పట్టింది ఆ తర్వాతే. ఈ వరస తప్పితే ఆయనకు అన్యాయం చేసినట్టే.

ఇంకొకటి. ఆ తిరుగుబాటులో మగోమెరో ఎస్టేట్‌లో హతుడైన లివింగ్‌స్టన్ అన్వేషకుడు డేవిడ్ కాదు, ఆయన 1873లోనే పోయారు. ఈయన ఆ ఎస్టేట్ మేనేజర్ విలియం జెర్విస్ లివింగ్‌స్టన్. చిలెంబ్వే అనుచరుల ప్రార్థనా గృహాలను తగలబెట్టించినవాడు. ఆయన్ను చంపిన రాత్రి పట్టుకున్న స్త్రీలను, పిల్లలను మాత్రం తిరుగుబాటుదారులు తర్వాత వదిలేశారు.