తల్లి పెంపకమే కారణం, ఇక పరిశోధనలు ఆపండి

స్కిజోఫ్రేనియా అనే మానసిక జబ్బు ఎందుకొస్తుందో తేల్చడానికి శాస్త్రవేత్తలు వందేళ్లకు పైగా తలలు బద్దలు కొట్టుకుంటున్నారు. జన్యువులంటారు, మెదడులోని డోపమైన్ అనే రసాయనం అంటారు, కడుపులో ఉన్నప్పటి ఇబ్బందులంటారు, కుర్రవయసులో గంజాయి అంటారు. చివరికి ఒక్క కారణమంటూ లేదని చేతులెత్తేస్తారు. మనల్ని అడిగితే కుర్చీలో కూర్చునేలోపే తేల్చేసేవాళ్లం కదా! తల్లి పెంపకం. అంతే.

ఇది గాలిమాట కాదు. ఈ జబ్బు తెప్పించే తల్లులుంటారని 1948లోనే ఫ్రీడా ఫ్రామ్-రైక్‌మన్ అనే మనోవైద్యురాలు రాశారు. తర్వాత ఆధారాలు దొరకలేదని వైద్యులు ఆ వాదన వదిలేసుకున్నారు. మనం వదల్లేదు. డాక్టర్లకు బొత్తిగా పట్టుదల ఉండదు.

ముద్ర పడినవాళ్ల పక్కన నిలబడ్డవాళ్లకూ ఆ ముద్ర అంటుకుంటుందని 1963లో ఎర్వింగ్ గాఫ్‌మన్ అనే సామాజికవేత్త రాశారు. నిజమే. కానీ అది దానంతటదే అంటుకోదండీ. ఎవరో ఒకరు పూనుకుని అంటించాలి. బంధువులం, ఇరుగుపొరుగువాళ్లం పైసా ఆశించకుండా ఆ పని చేస్తున్నాం.

మాకు తెలిసిన ఒకావిడ సంగతే చూడండి. తమ్ముడికి ఈ జబ్బు. మాత్ర ఇచ్చాక అక్కడినుంచి కదలదు, ఏవో పొంతన లేని కబుర్లు చెబుతూ నిలబడుతుంది. అతను రెండు ముక్కలు బదులు చెబితే గానీ మాత్ర బుగ్గన దాచుకోలేదని నమ్మకం కుదరదు. టీవీలో వార్తలు చదివేవాళ్లు తనగురించే మాట్లాడుతున్నారని అతని భయం. అందుకని టీవీ తీసేశారు. ఎవరైనా ఫోన్ చేస్తే బాత్రూమ్‌లోకి వెళ్లి గొంతు తగ్గించి మాట్లాడుతుంది. మేం దాన్ని దాపరికం అన్నాం. ఒకరోజు ధైర్యం చేసి అందరిముందూ చెప్పేసింది. ఇంటి గుట్టు రచ్చకీడుస్తోందన్నాం.

ఫంక్షన్‌కి వస్తే, 'వాణ్ణి ఒక్కణ్ణే వదిలేసి ఎలా వచ్చావమ్మా?' రాకపోతే పొగరు. ఆసుపత్రిలో చేర్పిస్తే వదిలించుకుంది. ఇంట్లోనే ఉంచుకుంటే వైద్యం చేయించడం లేదు. తమ్ముణ్ణి వెంటబెట్టుకొచ్చిన రోజున మాత్రం ఎవరం ఏమీ అనలేదు. పక్క కుర్చీలు ఖాళీ చేసి, మర్యాదగా దూరంగా కూర్చున్నాం.

వెళ్లేముందు 'కత్తులవీ జాగ్రత్త' అని చెవిలో చెప్పడం మా బాధ్యత. ఈ జబ్బున్నవాళ్లు ఇతరులమీద చేయిచేసుకోవడం కంటే తామే దెబ్బలు తినడం ఎక్కువని పరిశోధనలు చెబుతాయట. చెప్పనీండి, సినిమాలు మేమూ చూశాం.

ఆవిడ పెళ్లి సంగతీ మేమే చక్కబెట్టాం. తోడబుట్టినవాళ్లలో ఒకరికి ఈ జబ్బుంటే ఇంకొకరికి వచ్చే అవకాశం నూటికి 10 లోపేనని ఆవిడ కాగితం చూపించింది. మిగతా 90 మందితో మాకేం పని? 'ఆ ఇంట్లో...' అని అరమాట అని ఊరుకున్నాం. అవతలివాళ్లు తెలివైనవాళ్లు, మళ్లీ ఫోన్ చేయలేదు.

ఇంత చేసినా ఆవిడకు తృప్తి లేదు. మొన్న ఏమడిగిందో తెలుసా? ఆదివారం మధ్యాహ్నం ఓ రెండు గంటలు తమ్ముడి దగ్గర ఎవరైనా కూర్చుంటారా, కాస్త నిద్రపోతానంది. అందరం ఆలోచించుకుని చెబుతామన్నాం. ఈలోగా వాళ్ల నాన్న వైపు ఇంకెవరికైనా ఇలాంటిదుందేమో ఆరా తీస్తున్నాం.